నర్సింగు తర్వాత పరిశోధన: మన ఆడబిడ్డలకు ఉన్న దారి



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే దినాల్లో పాస్టరు ఇంటికి రాకపోకలు ఎక్కువ. బైపీసీ చదివిన ఆడపిల్ల ఉన్న ఇంటివారు అడిగే మాట దాదాపు ఒక్కటే. “అయ్యగారూ, పిల్లను నర్సింగుల ఎయ్యమంటరా?” బాన్సువాడ చుట్టుపక్కల, బీర్కూరు, వర్ని, పిట్లం, నిజాంసాగర్ దారుల్లో ఉన్న మన సంఘాల్లో నర్సుగా పనిచేసే బిడ్డ లేని సంఘం అరుదు. మిషను ఆసుపత్రుల కాలం నుండి ఈ వృత్తి మన కుటుంబాలకు అన్నం పెట్టింది, నలుగురిలో గౌరవం తెచ్చింది. ఇప్పుడు బాన్సువాడలోనే ప్రభుత్వ నర్సింగ్ కళాశాల ఉంది. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు.

ఈ మధ్య ఒక చెల్లెలు వేరే ప్రశ్న తెచ్చింది. బీఎస్సీ నర్సింగు పూర్తిచేసి కాన్పుల వార్డులో పనిచేస్తున్న అమ్మాయి. “అయ్యగారూ, నర్సులు రీసెర్చి చెయ్యొచ్చా? దానికేం సదవాలె? అది డాక్టర్లకే గదా అంటున్నరు అందరు” అన్నది. పక్కనే కూర్చున్న తల్లి నేను నోరు తెరవక ముందే, “ఇంకెన్నేండ్లు సదువుతవ్ బిడ్డా? నీ ఎనుక చెల్లె ఉన్నది” అన్నది.

బిడ్డ ప్రశ్న న్యాయమైనదే. తల్లి ప్రశ్న కూడా న్యాయమైనదే. నేను వైద్యం చదివినవాణ్ణి కాను. అయితే ఇది ఒక్క ఇంటి సంగతి కాదని తోచి, ఈ వృత్తిలో ఉన్న అక్కలను అడిగి, దొరికినవి చదివి, తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

పరిశోధన అంటే ఏమిటి?

పరిశోధన అనగానే మనకు తెల్లకోటు, గాజు గొట్టాలు, ఎలుకలు గుర్తుకొస్తాయి. అలాంటిదీ ఉంది. కాని రోగుల మధ్య జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం ఇంతకంటె సాదాగా ఉంటుంది. ఒక ప్రశ్న వేసుకోవాలి. జరిగినది జరిగినట్టు లెక్కగా రాయాలి. ఒక పని చేసినవారిని చేయనివారితో పోల్చి చూడాలి.

బైబిలు చదివే మనకు ఇది కొత్త కాదు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. రాజు భోజనం వద్దని దానియేలు ఊరకే వాదించలేదు. పది దినాలు మమ్మును పరీక్షించండి, మాకు శాకాహారమూ నీళ్లూ ఇవ్వండి, తర్వాత రాజు భోజనం తినే యౌవనస్థుల ముఖాలనూ మా ముఖాలనూ పక్కపక్కన చూడండి అన్నాడు. గడువు ముందే పెట్టుకున్నారు. రెండు గుంపులున్నాయి. చూసి తీర్పు చెప్పేది దానియేలు కాదు, పై అధికారి. వైద్య పరిశోధనల చరిత్ర చెప్పేవారు కూడా ఈ అధ్యాయాన్ని ప్రస్తావిస్తుంటారు. సువార్త రాసిన లూకా వైద్యుడే. అన్నీ విచారించి వరుసగా రాస్తున్నానని ఆయన మొదట్లోనే చెప్పుకున్నాడు.

నర్సుల విషయానికి వస్తే, ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు తెలియని నర్సు లేదు. మే 12న ఆమె పుట్టినరోజే నర్సుల దినంగా జరుగుతుంది. మనకు తెలిసిన బొమ్మలో ఆమె చేతిలో దీపం ఉంటుంది. నా దృష్టికి ఆమె చేతిలో కలం కూడా ఉండవలసింది. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో టర్కీలోని స్కూటరి సైనిక ఆసుపత్రికి వెళ్లినప్పుడు సిపాయిలు గాయాలకంటె విరేచనాలతో, జ్వరాలతో ఎక్కువమంది చనిపోతున్నారు. తర్వాత ఆమె నెలనెలా చావుల లెక్కలు తీసి, వేటివల్ల ఎంతమంది పోయారో రంగుల చక్రంలా గీసి 1858లో ప్రచురించింది. మురుగు శుభ్రం చేయించిన తర్వాత చావులు ఎలా తగ్గాయో ఆ బొమ్మ చూసిన మంత్రులకు చదవకుండానే అర్థమైంది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే. భారతదేశానికి ఒక్కసారీ రాలేదు గాని, ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నల పత్రాలు పంపి, వచ్చిన జవాబులను బట్టి ఇక్కడి నీటి గురించి, పారిశుద్ధ్యం గురించి 1863లోనే రాసింది.

అంత దూరం పోనక్కరలేదు. మన డిచ్‌పల్లి ఉంది. స్కాట్లండ్ నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసాని, ఆమె భర్త జార్జి కెర్ గారు, నిజామాబాదు ప్రాంతంలో కుష్ఠు రోగులు పడే అవస్థ చూసి 1915లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినది రాజా నర్సాగౌడ్ గారు. ఆయన క్రైస్తవుడు కాదని మనం మరువకూడదు. ఆ రోజుల్లో ఆ రోగానికి ఉన్న మందు చాల్‌మూగ్ర నూనె. తాగితే వాంతులు, సూదిగా ఇస్తే చిక్కదనం వల్ల నొప్పి, గడ్డలు. అదే 1915లో, ఇక్కడికి వేల మైళ్ల దూరంలో హవాయి దీవుల్లో ఆలిస్ బాల్ అనే 23 ఏండ్ల నల్లజాతి యువతి ఆ నూనెను సూదిలో సులువుగా ఎక్కేలా మార్చే పద్ధతి కనుగొన్నది. మరుసటి సంవత్సరమే ఆమె చనిపోయింది. ఆమె పనిని కళాశాల అధ్యక్షుడు తన పేరున ప్రచురించుకున్నాడు. ఆమెకు రావలసిన పేరు అసలుగా వచ్చేసరికి చాలా దశాబ్దాలు పట్టింది. ఎవరి పని వారి పేరు మీద రాయించుకోవడం కూడా పరిశోధనలో నేర్చుకోవలసిన పాఠమే అని మన అమ్మాయిలకు చెప్పడానికి ఈ సంగతి రాశాను.

నూనె పోయి డాప్సోన్ వచ్చింది. 1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన బహుళ ఔషధ చికిత్స వచ్చింది. వారం వారం మచ్చ కొలిచి, స్పర్శ ఉందో లేదో చూసి రాసేవారు లేకపోతే ఏ మందు మేలో ఎవరికి తెలుస్తుంది?

మన వార్డులోనే ఉన్న ప్రశ్న

ఆ చెల్లెలు కాన్పుల వార్డులో పనిచేస్తున్నదని చెప్పాను. అక్కడి సంగతే తీసుకుందాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా ఆపరేషన్లే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి 37 మంది మాత్రమే. దాదాపు అందరూ ఆసుపత్రిలోనే కనే రాష్ట్రంలో ఈ మాట! అయినా మన బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా జాతీయ గుర్తింపు వచ్చింది. అంటే చేస్తే అవుతుందన్నమాట.

అయితే ఒకచోట ఎందుకు అవుతున్నది, పక్క ఊళ్లో ఎందుకు కావడం లేదు? ఆపరేషన్ తర్వాత తల్లిని ఒక గదిలో, బిడ్డను ఒక గదిలో ఉంచడం వల్లనా? మత్తు వల్లనా? అమ్మమ్మ తేనె నాకించడం వల్లనా? ముర్రుపాలు పిండి పారబోయాలనే పాత నమ్మకం వల్లనా? రాత్రి డ్యూటీలో ఒక్క నర్సే ఉండటం వల్లనా? బిడ్డ పుట్టిన ఆ మొదటి గంట డాక్టరమ్మ మరో కేసులో ఉంటుంది. మంచం దగ్గర ఉండేది నర్సు. ఈ ప్రశ్నను ఆమెకంటె దగ్గరగా చూసినవారు లేరు. కనుక దీన్ని పరిశోధించడానికి ఆమెకంటె తగినవారు ఎవరు?

ఇలాంటి సామాన్యమైన ప్రశ్నలే లోకాన్ని మార్చాయి. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకొని ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలో, వెచ్చని పెట్టెలు చాలక మొదలైంది. పుట్టిన వెంటనే అలా చేస్తే ఏమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి 5 దేశాల్లో 3,000 మందికి పైగా బిడ్డలతో పరిశోధన చేయించి 2021లో ఫలితం ప్రకటించింది. చావులు నాలుగో వంతు తగ్గాయి. ఇక మన రాష్ట్రపు సరిహద్దు దాటితే వచ్చే గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న పల్లె స్త్రీలకే శిశువుల సంరక్షణ నేర్పారు. పుట్టుక, బరువు, ఊపిరి, జ్వరం అన్నీ రాయించారు. నెలలోపు శిశు మరణాలు మూడేండ్లలో సగానికంటె ఎక్కువగా తగ్గాయని 1999లో లాన్సెట్ అనే పేరుమోసిన వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత ఆశా కార్యకర్తలకు ఇచ్చిన నవజాత శిశు శిక్షణకు అది దారి చూపింది. పల్లె స్త్రీ చేసినదాన్ని నాలుగేండ్లు చదివిన నర్సు చేయలేదా?

ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు

ఇప్పుడు చదువుల వరుస చెబుతాను. ఇది కొంచెం నిదానంగా చదవండి, అవసరమైతే ఇంట్లో చదివినవారితో మరోసారి చదివించుకోండి.

తిన్నని దారి బీఎస్సీ నర్సింగు. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు ఉండాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం ఆ సబ్జెక్టుల్లో 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 40. కోర్సు నాలుగేండ్లు. చివరి సంవత్సరంలో నర్సింగ్ పరిశోధన, గణాంకాలు ఒక సబ్జెక్టుగా ఉంటాయి. పిల్లలు గుంపుగా చిన్న ప్రాజెక్టు కూడా చేయాలి. చాలామంది దీన్ని ఎట్లాగో గట్టెక్కితే చాలనుకొని పాత బ్యాచ్ వాళ్ల ఫైలు చూసి రాసేస్తారు. పరిశోధన మీద మనసున్న అమ్మాయికి ఇదే మొదటి మెట్టు. ఇక్కడ నకలు కొడితే పునాది లేనట్టే.

రెండో దారి జీఎన్ఎం. మూడేండ్లు. మన పల్లెల్లో ఎక్కువమంది వచ్చేది ఇటునుండే. ఏఎన్ఎం చేసి రిజిస్ట్రేషన్ ఉన్నవారు కూడా జీఎన్ఎంలో చేరవచ్చు. జీఎన్ఎం తర్వాత రెండేండ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే, నాలుగేండ్ల బీఎస్సీ వారితో సమానంగా పై చదువుకు అర్హత వస్తుంది. “జీఎన్ఎం చేసినం, ఇంక మా కథ అయిపోయింది” అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అది సరికాదు. ఆలస్యం అవుతుంది, అంతే.

తర్వాత ఎమ్మెస్సీ నర్సింగు, రెండేండ్లు. బీఎస్సీలో 55 శాతం మార్కులు, నర్సుగా కనీసం ఒక సంవత్సరం పనిచేసిన అనుభవం కావాలి. ఈ సంవత్సరం అనుభవాన్ని భారంగా చూడకండి. ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలో అప్పుడే తెలుస్తుంది. ఎమ్మెస్సీలో ఐదు విభాగాలున్నాయి. సాధారణ వైద్య, శస్త్ర చికిత్స నర్సింగు, పిల్లలు, కాన్పులు స్త్రీ వ్యాధులు, సామాజిక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం. మన పల్లెల అవసరం చూస్తే సామాజిక ఆరోగ్యం తీసుకొమ్మని నేను చెబుతాను. జనం దాన్ని చిన్నచూపు చూస్తారు గాని, పరిశోధనకు అందులో ఉన్నంత స్థలం మరెక్కడా లేదని నాకు తోస్తుంది. ఎమ్మెస్సీలో ప్రతి విద్యార్థినీ సొంతంగా ఒక పరిశోధన గ్రంథం రాయాలి.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. నాకు చూపించిన నాలుగైదు గ్రంథాలు దాదాపు ఒకే అచ్చులో ఉన్నాయి. 60 మంది తల్లులకు ప్రశ్నల పత్రం, ఒక గంట పాఠం, మళ్లీ అదే ప్రశ్నల పత్రం, మార్కులు పెరిగాయని ముగింపు. పాఠం చెప్పిన వెంటనే అడిగితే పెరగక ఏమవుతాయి? ఆరు నెలల తర్వాత ఆ తల్లి బిడ్డకు ఏమి పెడుతున్నదో చూసినవారు కనబడలేదు. కళాశాల ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి. అక్కడి గైడు గారు చివరిసారి ఏ పత్రికలో ఏమి ప్రచురించారో అడగండి. అడగడం తప్పు కాదు.

ఆపైన పీహెచ్‌డీ. దీనికి ఎమ్మెస్సీలో మళ్లీ 55 శాతం, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. నర్సుల కోసం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో పీహెచ్‌డీ కోసం ఒక జాతీయ కన్సార్టియం ఏర్పాటు చేశాయి. ఇది మన తల్లుల కాలంలో ఊహకు అందని సంగతి. దేశంలో బీఎస్సీ నర్సింగే 1946లో ఢిల్లీలో, వెల్లూరులో మొదలైంది. ఎమ్మెస్సీ 1959లో ఢిల్లీలో వచ్చింది.

అందరికీ పీహెచ్‌డీ అక్కరలేదు. ప్రజారోగ్యంలో ఎంపీహెచ్ అనే రెండేండ్ల కోర్సు ఉంది. బీఎస్సీ నర్సింగు చదివినవారిని చాలాచోట్ల తీసుకుంటారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో, వెల్లూరులో ఇది ఉంది. రోగం ఒక ఊరిలో ఎందుకు ఎక్కువ, మరో ఊరిలో ఎందుకు తక్కువ అని లెక్కతీసే విద్య ఇది. అసలు చేరక ముందే రుచి చూడదలచినవారు ఐసీఎంఆర్ వారి చెన్నైలోని ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ఆరోగ్య పరిశోధన ప్రాథమిక పాఠాలను ఫోనులో ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు మాత్రం తప్పదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన బిడ్డ వారానికి ఒక్క పరిశోధన వ్యాసపు సారాంశమైనా నిఘంటువు పెట్టుకొని చదివితే సంవత్సరం తిరిగేసరికి భయం పోతుంది. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్నవారికి మరో మాట. మొదట కావలసినది సగటు, శాతం, పోలిక. అవి మీకు పదో తరగతిలోనే వచ్చు.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కనుక పైన చెప్పిన శాతాలు, నియమాలు మారవచ్చు. దరఖాస్తు పెట్టే ఏడు వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వారి నోటిఫికేషన్ తప్పక చదవండి. ఆంధ్రలో ఉన్నవారైతే విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వారిది.

ఉద్యోగం సంగతి

“గింత సదివితే నౌకరి ఏడ దొరుకుతది?” అని తండ్రులు అడుగుతారు. ఐసీఎంఆర్ సంస్థల పరిశోధనల్లో ప్రాజెక్ట్ నర్స్ అనే ఉద్యోగాలున్నాయి. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాటిలో ఒకటి. జొన్నలే ముఖ్యాహారంగా తినే మన దక్కను పేదల్లో పెల్లాగ్రా అనే చర్మరోగం ఎందుకు వస్తుందో 1960 ప్రాంతంలో వెదికినవారు ఆ సంస్థవారే. పెద్ద ఆసుపత్రుల్లో మందుల పరీక్షలు జరిగేచోట స్టడీ కోఆర్డినేటర్లుగా నర్సులను తీసుకుంటారు. రోగికి సంగతి చెప్పి సమ్మతి తీసుకోవడం, మందు వేళకు ఇవ్వడం, ఏ చెడు లక్షణం కనబడినా అదే దినం రాసి పంపడం వారి పని. కళాశాలల్లో అధ్యాపకురాలి ఉద్యోగం ఉండనే ఉంది.

దాచకుండా చెబుతున్నాను, ప్రాజెక్టు ఉద్యోగం పర్మనెంటు కాదు. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది. సర్కారు స్టాఫ్ నర్సుగా ఎంపికైన బిడ్డను అది వదిలి ఇటు రమ్మని నేను చెప్పను. అందులో ఉంటూనే పై చదువుకు అనుమతి, సెలవు ఎట్లా వస్తుందో కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. గల్ఫుకో, జర్మనీకో పోవాలనుకునేవారు పోవచ్చు, అదీ మంచి కష్టార్జితమే. ఏ దారి పట్టినా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం యజమాని చేతిలోగాని, ఏజెంటు చేతిలోగాని పెట్టకండి. పై చదువుకు సీటు వచ్చి, సర్టిఫికెట్లు చేతికి రాక ఏడ్చిన పిల్లలను నేను చూశాను.

మనవాళ్లే ఎందుకు ఉండాలి

ఇది అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, కాస్త ఓపికతో వినండి. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు మన్యంలో కూడా, 10 నుండి 14 ఏండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. సుమారు 14,000 మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉన్న గిరిజన, దళిత బిడ్డలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపివేశారు. విచారణ జరిపిన కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని చెప్పింది. ఈ టీకా అనేక దేశాల్లో ఆ క్యాన్సర్‌ను బాగా తగ్గించిందన్నది కూడా నిజం. టీకా చెడ్డదని ఎవరూ అనుకోవద్దు.

మరి తప్పు ఎక్కడ? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాలు చూస్తే, వాటిలో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. కన్నతల్లికి తెలియకుండా బిడ్డ పరిశోధనలో చేరిపోయింది.

ఇలాంటిచోట మన భాష వచ్చిన, మన గూడెంలో పుట్టిన, పరిశోధన నియమాలు చదివిన ఒక్క నర్సు అధికారంలో ఉండి ఉంటే? ఐసీఎంఆర్ 2017లో ప్రచురించిన నియమాలు స్పష్టంగా ఉన్నాయి. 18 ఏండ్లలోపు బిడ్డ పాల్గొనాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. బిడ్డకు ఏడేండ్లు దాటితే బిడ్డను కూడా అడగాలి. చదువురానివారైతే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. మధ్యలో మానుకుంటామంటే మానుకోవచ్చు, దానివల్ల వారికి అందే వైద్యం ఆగకూడదు. ఈ మాటలు నిజామాబాదు జిల్లా పల్లెలో ఒక తల్లికి అర్థమయ్యేలా చెప్పాలంటే పుస్తకాల తెలుగు సరిపోదు. ఆ తల్లి ఎదుట కూర్చుని “అక్కా, ఇష్టం లేకుంటే వద్దను, నిన్ను ఎవరు ఏమనరు” అనగలిగిన మనిషి కావాలి.

ఇంకో చిన్న సంగతి తెలిసి నాకు ఆశ్చర్యం, సంతోషం కలిగాయి. పరిశోధనలను పరీక్షించి అనుమతించే నైతిక కమిటీల్లో సామాన్య ప్రజల తరఫున ఒకరు ఉండాలనీ, వేదాంత విద్య చదివినవారు కూడా ఉండవచ్చనీ ఆ నియమాల్లో ఉంది. పాస్టర్లకు కూడా ఇందులో పని ఉందన్నమాట.

తల్లి ప్రశ్నకు

ఇక తల్లి అడిగిన మాట. నేను ఆ ఇంట్లో వయసు లెక్క వేసి చూపించాను. 18కి ఇంటర్, 22కి బీఎస్సీ, 23 వరకు ఉద్యోగ అనుభవం, 25కి ఎమ్మెస్సీ. ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తే మరో మూడు నుండి ఆరేండ్లు. పెండ్లి ఆగవలసిన పని లేదు. యూజీసీ 2022 నియమాల్లో పీహెచ్‌డీ చేసే స్త్రీలకు గడువు మరో రెండేండ్లు పెంచే వీలుంది. కాన్పుకు, పిల్లల పెంపకానికి మొత్తం మీద 240 దినాల వరకు సెలవు ఇవ్వవచ్చు. ఆగవలసినది పెండ్లి కాదు, పెండ్లితో చదువు ముగిసిందనుకునే ఆలోచన. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఉద్యోగం, పొలం ఎన్ని ఎకరాలు అని అడుగుతాం. పిల్ల చదువు సాగుతుందా అని కూడా పెద్దమనుషుల ముందే అడిగించాలి. ఒప్పుకుంటే ఆ మాట అందరి ఎదుట ఉంటుంది.

డబ్బు సంగతి తేలిక కాదు. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుండి కేంద్రం ఆపివేసింది. పాత సమాచారం నమ్ముకొని దానిమీద ఆశ పెట్టుకోకండి. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదివే మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల వరకు సహాయ పథకం పెట్టింది. క్రైస్తవులూ దాని కిందికి వస్తారు. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో అలాంటిదే ఉంది. ఏ కోర్సులకు, ఏ దేశాలకు వర్తిస్తుందో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. ఇక మన సంఘాల సంగతి. కోత పండుగకు వచ్చిన కానుకలో కొంత తీసి ఎమ్మెస్సీ చదివే ఒక్క బిడ్డ హాస్టలు ఫీజు కట్టడం పెద్ద సంఘానికి మోయలేని పని కాదు. ప్రహరీ గోడకు రంగు ఒక ఏడు ఆలస్యమైతే ఏమీ కాదు.

ఇప్పుడే మొదలుపెట్టదలచిన చెల్లెలికి ఒక పని చెబుతాను. కాన్పుల వార్డులో ఉంటే ముందు మీ సూపరింటెండెంటు గారి దగ్గర అనుమతి తీసుకోండి. 200 పేజీల పొడుగు నోటుబుక్కు కొని గీతలు గీయండి. తేదీ, కాన్పు అయిన వేళ, మామూలు కాన్పా ఆపరేషనా, బిడ్డ బరువు, మొదటిసారి పాలు తాగిన వేళ, ఆలస్యమైతే ఎందుకు. మూడు నెలలు ఒక్క కాన్పు కూడా వదలకుండా రాయండి. రాత్రి డ్యూటీలో పని ఎక్కువై రాయలేకపోతే, రాయలేదని రాయండి, మరునాడు ఊహించి నింపకండి. తర్వాత ఆ పుస్తకం తీసుకొని మీకు పరిశోధన పాఠం చెప్పిన మేడం గారి దగ్గరకు వెళ్లండి. దాన్ని వ్యాసంగా రాసి అచ్చుకు పంపాలంటే నైతిక కమిటీ అనుమతి కావాలి. అది ఎట్లా అడగాలో ఆమె చెబుతారు. పుస్తకంలో తల్లి పేరు ఎక్కడా రాయవద్దు, వరుస నంబరు చాలు.